తాతగారి కార్డు, ఎనిమిదో తరగతి ప్రశ్న

తల్లిదండ్రులకు నమస్కారం.

పరీక్షల టైంటేబుల్, ఫీజు గడువు వెనక పేజీలో ఉన్నాయి. ఈసారి ఈ పేజీ అంతా ఎనిమిదో తరగతికే ఇస్తున్నాను.

ఆ క్లాసులో ఒకమ్మాయి వాళ్ళ తాతగారు 1971 యుద్ధంలో పనిచేశారు. జమ్మూ సరిహద్దు దగ్గరి ఛంబ్ సెక్టార్‌లో పట్టుబడి, దాదాపు ఏడాది పాకిస్తాన్‌లో యుద్ధఖైదీగా ఉన్నారు. సోషల్ టీచర్ పిలిస్తే వచ్చి పిల్లలతో మాట్లాడారు. పిల్లలేమో ట్యాంకులు, బాంబుల కథలు వింటామని కూర్చున్నారు. ఆయన చెప్పిందంతా దాదాపు ఒక కార్డు గురించే.

ఇంటికి ముందు చేరింది ‘ఆచూకీ తెలియడం లేదు’ అన్న టెలిగ్రాం. చాలా వారాలకు రెడ్‌క్రాస్ ద్వారా ఆ కార్డు వచ్చింది. తెలుగులో రాస్తే సెన్సార్ దగ్గర ఆగిపోతుందని వచ్చీరాని హిందీలో రాశారట. క్షేమంగా ఉన్నాను, రొట్టెలు అలవాటయ్యాయి, అంతే. ఊళ్ళో హిందీ చదవగలిగింది బడి పంతులుగారొక్కరే. ఆయన చదివి వినిపిస్తుంటే తాతగారి అమ్మగారు ‘వాడే రాశాడంటారా?’ అని మళ్ళీ మళ్ళీ అడిగారట. తాతగారు ఆ కార్డుని ప్లాస్టిక్ కవర్లో పెట్టి తెచ్చారు. మడత దగ్గర చిరిగింది, పెన్సిల్ రాత సగం చెరిగిపోయింది. క్లాసంతా చేతులు మారింది.

అప్పుడొకబ్బాయి లేచి, “లొంగిపోయినందుకు సిగ్గనిపించలేదా తాతగారూ?” అన్నాడు. టీచర్‌కి టెన్షన్. ఆయన మాత్రం మామూలుగానే, “అనిపించింది నాన్నా. వచ్చాక చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పుకోలేదు. తూటాలు అయిపోయాయి, వైర్‌లెస్ పలకలేదు, చుట్టూ వాళ్ళే” అన్నారు.

ఆ అబ్బాయిని మందలించలేదా అని ఒకరిద్దరు తల్లిదండ్రులు అడిగారు. లేదు. మన సినిమాల్లో హీరో ఎప్పుడూ పట్టుబడడు మరి, వాడికి ఇంకెలా తోస్తుంది? మర్నాడు టీచర్, యుద్ధఖైదీలతో ఎలా మెలగాలో చెప్పే 1949 నాటి జెనీవా ఒప్పందం పాఠంగా తీసుకున్నారు. ఖైదీ చెప్పాల్సింది పేరు, ర్యాంకు, సర్వీసు నంబరు, పుట్టిన తేదీ మాత్రమే. ఆ యుద్ధం తర్వాత మన దగ్గర దాదాపు 93,000 మంది పాకిస్తానీయులు ఖైదులో ఉన్నారనీ, మనవాళ్ళు 1972 డిసెంబరులో వాఘా మీదుగా తిరిగొచ్చారనీ పిల్లలకి అప్పుడే తెలిసింది.

వాళ్ళకి బాగా నచ్చింది మాత్రం అదే యుద్ధంలో పట్టుబడిన మన పైలట్ దిలీప్ పరుల్కర్ కథ. ఆయనా, మరో ఇద్దరు వైమానిక దళ అధికారులూ 1972 ఆగస్టులో రావల్పిండి క్యాంపు గోడకు కన్నం వేసి బయటపడ్డారు. అఫ్గాన్ సరిహద్దు దరిదాపులకు వెళ్ళి, లండీ ఖానా స్టేషన్‌కి దారి అడిగి దొరికిపోయారు. మ్యాపులో ఉన్న ఆ స్టేషన్‌కి 1932లోనే రైళ్ళు ఆగిపోయాయి! ఇప్పుడు మా లైబ్రరీలో అట్లాసులకి మంచి గిరాకీ.

ఇక మీతో పని. ఇంట్లో పెద్దవాళ్ళ జీవితంలోంచి ఒక సంఘటన అడిగి రాయడం ఈ టర్మ్ ప్రాజెక్టు. యుద్ధమే అక్కర్లేదు. వరద కావచ్చు, వలస కావచ్చు, మొదటి ఉద్యోగం కావచ్చు. పెద్దవాళ్ళు వద్దంటే అక్కడితో ఆపమనండి, మార్కులు తగ్గవు. వాళ్ళని అడక్కుండా ఫోన్‌లో రికార్డు చేయనివ్వకండి. పాత ఉత్తరాలు, ఫొటోల జిరాక్స్ పంపితే చాలు, అసలువి ఇంట్లోనే ఉంచండి. క్లాసుకి వచ్చి మాట్లాడగల తాతయ్యలు, నానమ్మలు, అమ్మమ్మలు ఉంటే డైరీలో రాసి పంపండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు