కొరియా ఏకవర్ణ చిత్రాలు అనుకరణలు కావు

సంపాదకులకు నమస్కారం.

1970లలో దక్షిణ కొరియాలో రూపుదిద్దుకున్న ఏకవర్ణ చిత్రకళను అమెరికన్ మినిమలిజానికి (అతి సరళమైన రూపాలతో, యంత్రంతో చేసినట్టు నునుపుగా ఉండే కళాధోరణికి) నీడగా చూసే విమర్శ అన్యాయమని నా అభిప్రాయం. చిత్రకారుడు హా చోంగ్‌హ్యున్ 1974 నుంచి ముతక గోనెగుడ్డ వెనుక వైపు నుంచి చిక్కటి రంగును బలంగా నెట్టి, నేత సందుల్లోంచి ముందుకు ఉబికేలా చేశారు. ఇది చేతి శ్రమకూ గుడ్డ స్వభావానికీ మధ్య జరిగిన పని, కర్మాగారంలో తయారైనట్టుండే నునుపుదనానికి పూర్తిగా వ్యతిరేకం. 1973లో దక్షిణ కొరియా నిరంకుశ అధ్యక్షుడు పార్క్ చుంగ్‌హీ పాలనలో జైలుపాలై వచ్చిన యున్ హ్యోంగ్‌గున్, ముదురు గోధుమ, నీలం రంగులను పలుచన చేసి, పూత పూయని గుడ్డలోకి ఇంకనిస్తూ, నల్లగా తోచే నిలువు పట్టీలను చిత్రించారు. ఆ నలుపును కేవలం రూపశైలిగా చదివితే చరిత్ర మాయమవుతుంది. ఇటువంటి చిత్రాలపై వ్యాసాలు ప్రచురించేటప్పుడు, రంగు మందం కనిపించే దగ్గరి ఛాయాచిత్రాలను కూడా జతచేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు