సెరిబ్రల్ పాల్సీ ఉన్న పెద్దవాళ్లకూ వ్యాయామం కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆరోగ్య పేజీని నేను వదలకుండా చదువుతాను. మోకాళ్ల నొప్పులకు, షుగర్‌కు, బీపీకి, కాన్పు తర్వాత పొట్ట తగ్గడానికి ఏ వ్యాయామం చేయాలో అందులో వస్తూనే ఉంటుంది. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్లు ఏం చేయొచ్చో మాత్రం ఇంతవరకు నా కంట పడలేదు. నాకు పుట్టుకతోనే ఆ సమస్య ఉంది. ఇప్పుడు 36 ఏళ్లు. ఇంట్లో వాకర్ పట్టుకుని నడుస్తాను, బయటికి వెళ్తే వీల్‌చైర్. మీ పేజీలో మాకూ కాస్త చోటు అడగడానికే ఈ ఉత్తరం.

కడుపులో ఉండగానో, కాన్పు సమయంలోనో, పుట్టిన కొద్ది కాలానికో, ఎదుగుతున్న మెదడు దెబ్బ తింటే ఈ స్థితి వస్తుంది. కండరాల మీద, కదలికల మీద అదుపు తగ్గుతుంది. ఆ దెబ్బ తర్వాత పెరగదు. చాలామంది పొరబడేది ఇక్కడే. దెబ్బ పెరగకపోయినా ఒళ్లు మారుతూనే ఉంటుంది. బిగుసుకున్న కండరాలు ఎముకలతో సమానంగా ఎదగవు. కీళ్ల మీద ఏళ్ల తరబడి వంకర భారం పడుతుంది. మాలో చాలామందికి చిన్న వయసులోనే నొప్పులు, విపరీతమైన అలసట మొదలవుతాయి. అంతకుముందు నడిచినవాళ్లలో కొందరు నడక కూడా పోగొట్టుకుంటారు. అంటే మాకు వ్యాయామం పెద్దయ్యాక కూడా అవసరమే. చికిత్సేమో పిల్లలతోనే ఆగిపోతోంది.

నా చిన్నప్పుడు అమ్మ రోజూ పొద్దున్నే నా కాళ్లు చాపి లాగేది. నేను ఏడ్చేదాన్ని, నన్ను చూసి అమ్మ ఏడ్చేది. వ్యాయామం అంటే నాకు తెలిసింది అదొక్కటే. 17 ఏళ్లు వచ్చాక, ఎదుగుదల అయిపోయింది, ఇక పెద్దగా లాభం ఉండదని చెప్పి థెరపీ ఆపేశారు. నిజం చెప్పాలంటే ఆరోజు ఇంట్లో అందరం హమ్మయ్య అనుకున్నాం. ఆ తర్వాత పదమూడేళ్లు దాదాపు కూర్చునే గడిపాను. 30 ఏళ్లకు మంచం మీద నుంచి లేవాలంటే అమ్మ చేయి పట్టుకోవాల్సి వచ్చింది. అప్పటికి అమ్మకే మోకాళ్ల నొప్పులు.

ఆ సమయంలో ఒక ఫిజియోథెరపిస్టు నాకు నేర్పింది చాలా మామూలు పని. కాస్త ఎత్తైన కుర్చీలో కూర్చుని, ముందున్న గట్టి బల్లను పట్టుకుని నెమ్మదిగా లేవడం, అంతకంటే నెమ్మదిగా కూర్చోవడం. మొదట్లో నాలుగుసార్లకే కాళ్లు వణికేవి. వారానికి రెండు రోజులు, మధ్యలో విశ్రాంతి ఇస్తూ చేశాను. తేడా తెలియడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు మంచం మీద నుంచి ఒక్కదాన్నే లేస్తున్నాను. బలం పెంచే వ్యాయామం చేస్తే బిగుతు ఇంకా ఎక్కువవుతుందని ఒకప్పుడు భయపడేవారు. అది నిజం కాదని 1990ల నుంచి పరిశోధనలు చెబుతూ వచ్చాయి. అయినా ఆ భయం ఇంకా చాలా ఇళ్లలో ఉంది. కాళ్లు లాగడం ఒక్కటే సరిపోతుందన్న నమ్మకమూ అలాంటిదే. కొన్ని నిమిషాలు చేత్తో లాగినంత మాత్రాన కండరం శాశ్వతంగా సాగిపోదు. దాన్ని కదిలించాలి, పని చేయించాలి.

నాకు అన్నిటికంటే మేలు చేసింది నీళ్లు. నడుము లోతు నీళ్లలో నిలబడితే ఒంటి బరువులో దాదాపు సగం నీళ్లే మోస్తాయి. గట్టి నేల మీద రెండడుగులకే ముడుచుకుపోయే నా మోకాళ్లు అక్కడ తేలిగ్గా కదిలాయి. పడిపోతానన్న టెన్షన్ లేకుండా నడవడం నా జీవితంలో అదే మొదటిసారి. నీళ్లు గోరువెచ్చగా ఉండాలి, చన్నీళ్లలో కండరాలు ఇంకా బిగుసుకుంటాయి. మాలో చాలామందికి ఫిట్స్ కూడా ఉంటాయి కాబట్టి, నీళ్లలో ఉన్నంతసేపూ చేతికందే దూరంలో ఒక మనిషి ఉండి తీరాలి. మెడకు తగిలించే గాలి రింగులు మాత్రం వద్దు. ఇలాంటి సమస్యలున్న పిల్లలకు అవి వాడొద్దని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2022లోనే హెచ్చరించింది.

ఆ నీళ్ల దాకా వెళ్లడమే నాకు పెద్ద పరీక్ష అయింది. ఒక ఈత కొలనులో డబ్బు కడతానన్నా లోపలికి రానివ్వలేదు. "మిమ్మల్ని చూసి పిల్లలు భయపడతారమ్మా" అన్నాడు అక్కడి ఇన్‌చార్జి. ఆ మాట ఇప్పటికీ మర్చిపోలేకపోతున్నాను. ఇంకో చోట రానిచ్చారు కానీ నీళ్లలోకి దిగడానికి నిలువు నిచ్చెన తప్ప మెట్లు లేవు. మూడో చోట వెడల్పాటి మెట్లు, పట్టుకోవడానికి కమ్మీ ఉన్నాయి. ఆ రెండూ ఉంటే చాలు, మాలో చాలామంది దిగగలం.

నడవలేనివాళ్లకు దారులు లేవని కాదు. వీల్‌చైర్‌లో కూర్చునే చేతులు పైకెత్తడం, రబ్బరు బ్యాండు లాగడం, పాట పెట్టుకుని భుజాలు తిప్పడం చేయొచ్చు. మూడు చక్రాల సైకిల్‌కు వీపు ఆనించుకునే సీటు, పాదాలు జారకుండా పట్టీలు పెడితే బ్యాలెన్స్ లేనివాళ్లూ తొక్కగలరు. పెడల్స్ లేని మూడు చక్రాల ఫ్రేమ్‌కు ఛాతీ ఆనించి, కాళ్లతో నేలను తన్నుకుంటూ పరిగెత్తే ఫ్రేమ్ రన్నింగ్ అనే ఆట కూడా ఉంది. బోచా అయితే మావాళ్ల కోసమే పుట్టిన ఆట. తెల్ల బంతికి వీలైనంత దగ్గరగా మన బంతులు వేయాలి. చేత్తో వేయలేనివాళ్లు ఏటవాలుగా పెట్టిన గాడి మీద నుంచి దొర్లించొచ్చు. 1984 నుంచి పారాలింపిక్స్‌లో ఉన్నా, ఈ ఆట పేరు తెలిసినవాళ్లు నాకు తారసపడలేదు. తమంతట తాము అసలు కదల్లేనివాళ్లకు కూర్చున్న తీరు మార్చడం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, స్టాండింగ్ ఫ్రేమ్‌లో, అంటే ఒంటిని పట్టి ఉంచే చట్రంలో, కాసేపు నిలబెట్టడం కూడా కదలికే.

ఎంతసేపు చేయాలని అందరూ అడుగుతారు. వైకల్యం ఉన్నవాళ్లను కూడా కలుపుకుని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో పెద్దలకు వారానికి 150 నుంచి 300 నిమిషాల ఓ మోస్తరు శ్రమ అని ఉంది. ఆ అంకె చూసి నేను మొదట బెదిరిపోయాను. అసలు చేయకపోవడం కంటే కొంచెం చేసినా మేలేనని కూడా అందులోనే ఉంది, నేను పట్టుకున్నది ఆ మాటనే. ఐదు నిమిషాలతో మొదలుపెట్టాను. ఇప్పుడు అరగంటకోసారి కుర్చీలోనే రెండు నిమిషాలు కదులుతాను. వ్యాయామం చేసేటప్పుడు మాట్లాడగలిగేంత ఆయాసమే ఉండాలి. మర్నాడు కూడా నొప్పి తగ్గలేదంటే ఎక్కువ చేసినట్టే, తగ్గించుకోవాలి. ఇంట్లోవాళ్లకు ఒక మనవి. ఓర్చుకో, ఓర్చుకో అంటూ బలవంతం చేయొద్దు. ఈ సమస్య ఉన్న పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరికి తుంటి కీలు పక్కకు జరుగుతుంది. అలాంటి కాలును లాగితే మేలు కంటే హానే ఎక్కువ. కొత్తగా మొదలుపెట్టే ముందు తుంటి సంగతి డాక్టరుకు చూపించుకోవాలి.

నేను కోరేవి పెద్ద విషయాలు కావు. వయసు 18 దాటగానే ఫైలు మూసేయకుండా, థెరపీ కేంద్రాలు ఏడాదికి ఒకసారైనా మమ్మల్ని పిలిచి చూడాలి. ఈత కొలనుల నిర్వాహకులు వారంలో ఒక గంట మాకు కేటాయించాలి, మెట్లకు ఒక కమ్మీ బిగించాలి. మీ ఆరోగ్య పేజీలో నెలకొకసారి కుర్చీలో కూర్చుని చేసే వ్యాయామాలు బొమ్మలతో వేయండి. ఆ బొమ్మల్లో వంకర కాళ్లున్న మనిషి కూడా ఒకరు ఉండాలి. మొదటిసారి ఎవరిని ఫొటో తీయాలా అని మీరు ఆలోచిస్తుంటే, నేను వస్తాను.

ఇట్లు,
మీ పాఠకురాలు