తడి గడ్డికి మూసుకుపోతున్న మీ రైడ్-ఆన్ మోవర్ గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: పొడుగ్గా, తడిగా ఉన్న గడ్డి కోసేటప్పుడు చ్యూట్ (కోసిన గడ్డిని వెనకున్న బాక్స్‌లోకి పంపే గొట్టం) మూసుకుపోవడం గురించి.

అయ్యా,

మీ దగ్గర కొన్న రైడ్-ఆన్ మోవర్, అంటే సీటు మీద కూర్చుని నడిపే గడ్డి కోసే బండి, పొట్టిగా, పొడిగా ఉన్న గడ్డిని చక్కగా కోస్తుంది. అందులో పేచీ లేదు. వానలు పట్టి గడ్డి పిక్కల దాకా పెరిగాక మాత్రం పట్టుమని పది గజాలు కూడా సాగడం లేదు. మీ ప్రకటనలో “తడి గడ్డి అయినా సరే” అని పెద్ద అక్షరాల్లో ఉంది. నేను ఈ మెషీన్ కొన్నదే ఆ మాట చూసి.

బండి కదిలిన కాసేపటికే బ్లేడ్ల చప్పుడు బరువెక్కుతుంది. కోసిన గడ్డి వెనక ముద్దలు ముద్దలుగా పడుతుంది. ఆపి బాక్స్ విప్పి చూస్తే అందులో గుప్పెడు గడ్డి కూడా ఉండదు, అంతా చ్యూట్‌లోనే ఇరుక్కుని ఉంటుంది. డెక్‌కి (బ్లేడ్లని కప్పి ఉండే కింది భాగానికి) చ్యూట్ కలిసే అతుకు దగ్గర లోపలివైపు వేలి మందాన ఒక అంచు పొడుచుకొచ్చి ఉంది. గ్లవ్ వేసుకుని తడిమినా తెలిసిపోతుంది. పొడుగాటి తడి పోచలు ముందు ఆ అంచుకే తట్టుకుంటాయి, తర్వాత వచ్చేవి వాటి మీద పేరుకుంటాయి. గడ్డిని బాక్స్ దాకా తోసేది బ్లేడ్లు పుట్టించే గాలే కదా. దారి మూసుకుపోయాక ఆ గాలి ఆడదు, ఇక డెక్ లోపలంతా గడ్డి మెత్తి కూర్చుంటుంది. కర్రతో పొడిస్తే గానీ ఊడిరాదు.

తడి గడ్డి ఏ మోవర్‌కైనా కష్టమేనని నాకు తెలుసు. అందుకే చేయగలిగినవన్నీ చేశాను. కటింగ్ ఎత్తు పూర్తిగా పైకి పెట్టి ఒక విడత కోసి, కొన్నాళ్లాగి కిందికి దించి ఇంకో విడత కోశాను. ఒకేసారి పోచలో మూడో వంతుకి మించి కోయలేదు. బ్లేడ్లకి పదును పెట్టించాను. మీది హైడ్రోస్టాటిక్ బండి, అంటే ఇంజన్ వేగం తగ్గించకుండానే పెడల్‌తో బండి వేగం మార్చొచ్చు, మెల్లగా నడిపినా బ్లేడ్ల వేగం తగ్గదు కాబట్టి థ్రాటిల్ ఫుల్‌లో ఉంచి, పెడల్ నెమ్మదిగా తొక్కుతూ, డెక్‌లో సగం వెడల్పే గడ్డిలోకి పోనిచ్చాను. అయినా అదే అతుకు, అదే ముద్ద.

మీ సర్వీస్ విభాగానికి ఫోన్ చేస్తే “తడి గడ్డి కోయకూడదండీ, మాన్యువల్ చూడండి” అన్నారు. చూశాను. వీలైనంతవరకు గడ్డి పొడిగా ఉన్నప్పుడే కోయమని చివరి పేజీల్లో చిన్న అక్షరాల్లో ఉంది. అమ్మేటప్పుడు ఒక మాట, చెడిపోయాక ఇంకో మాటా? వానాకాలంలో గడ్డి మొదళ్లు రోజుల తరబడి ఆరవు. ఆరేదాకా ఆగితే ఈలోపు గడ్డి ఇంకా పెరిగిపోతుంది.

నాకు అసలు టెన్షన్ మాత్రం వేరే ఉంది. చ్యూట్ శుభ్రం చేయాల్సి వచ్చిన ప్రతిసారీ ఇంజన్ ఆపి, తాళం చెవి తీసి, బ్లేడ్లు పూర్తిగా ఆగాకే చెయ్యి పెడుతున్నాను. మాటిమాటికీ ఇలా మూసుకుపోతుంటే ఎవరో ఒకరు విసుగెత్తి తొందరపడతారు. సీటు మీంచి లేస్తే ఆపేసే స్విచ్ ఉందని మీరు అనొచ్చు. కానీ స్విచ్ పనిచేశాక కూడా బ్లేడ్లు కొన్ని క్షణాలు తిరుగుతూనే ఉంటాయి. వేళ్లు పోవడానికి ఆ క్షణాలు చాలు.

కాబట్టి దయచేసి మెకానిక్‌ని పంపి ఆ అతుకుని చూపించండి. లోపం నా మెషీన్‌దే అయితే చ్యూట్ మార్చి ఇవ్వండి. ఈ మోడల్ అంతా ఇలాగే ఉంటే, అంచు లేని చ్యూట్‌తో పాటు గాలి ఎక్కువగా లేపే హై-లిఫ్ట్ బ్లేడ్లు కూడా ఉచితంగా బిగించండి. అప్పటికీ తడి గడ్డి తెగకపోతే మెషీన్ వెనక్కి తీసుకుని నా డబ్బు తిరిగివ్వండి. మీ ప్రకటనలోంచి ఆ మాట కూడా తీసేయండి, దాన్ని నమ్మి కొనేవాళ్లు ఇంకా ఉంటారు.

అతుకు ఫోటోలు, బిల్లు కాపీ జతచేశాను. 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ కొనుగోలుదారు