అప్‌డేట్ ఎక్కితే మూగబోతున్న తెలుగు గొంతు: ఫోన్ కంపెనీకి ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

విషయం: సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ తర్వాత మీ ఫోన్లు తెలుగు చదవడం మానేయడం, వాయిస్ సౌకర్యాల్లో ఉన్న మరికొన్ని లోపాలు.

అయ్యా,

మేం తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ టాక్‌బ్యాక్‌ను తెలుగులో వాడే అంధులం, వాళ్లకు ఫోన్ నేర్పేవాళ్లం. మీ ఫోన్లు అందుబాటు ధరలో దొరుకుతాయి కాబట్టి మాలో చాలామంది చేతుల్లో ఉన్నవి అవే. చూపున్నవాళ్లకు తెర ఎలాగో మాకు ఫోన్ గొంతు అలాగ. అది ఆగితే బ్యాంకు పని, బస్సు టికెట్టు, ఇంటికి ఫోన్ చేయడం అన్నీ ఆగిపోతాయి.

అన్నిటికన్నా పెద్ద లోపం ముందు చెప్తాం. తెర మీది అక్షరాలను మాటగా మార్చేది స్పీచ్ ఇంజిన్. మీ ఫోన్లలో అవి రెండున్నాయి: మీరు చేసుకున్నది ఒకటి, గూగుల్‌ది ఒకటి. మీదాంట్లో తెలుగు గొంతు లేదు, గూగుల్ దాంట్లో ఉంది. అందుకే కొత్త ఫోన్ చేతికి రాగానే సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో టెక్స్ట్ టు స్పీచ్ అవుట్‌పుట్ తెరిచి, గూగుల్ ఇంజిన్‌ని ఎంచుకుని, భాష తెలుగు పెట్టి, వాయిస్ డేటా డౌన్‌లోడ్ చేయిస్తాం. ఆ రోజు నుంచి ఫోన్ చక్కగా చదువుతుంది. తర్వాత మీ అప్‌డేట్ వస్తుంది, ఫోన్ రీస్టార్ట్ అవుతుంది, మా ఎంపిక చెరిగిపోయి మీ ఇంజినే మళ్లీ డిఫాల్ట్‌గా కూర్చుంటుంది.

తెలుగు అక్షరం ఎదురైతే మీ ఇంజిన్ తప్పుగానైనా చదవదు, చదవడం రాదనీ చెప్పదు. ఏమీ పలకకుండా దాటేస్తుంది. తెర మీద తర్వాతిదానికి వెళ్లడానికి వేలు కుడికి జరిపిన ప్రతిసారీ టక్‌మని చిన్న చప్పుడు వస్తుందే తప్ప మాట రాదు. అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు మాత్రం వినిపిస్తాయి. టైము చెప్తుంది, బ్యాటరీ ఎంతుందో చెప్తుంది, వైఫై అంటుంది. ఇదే మాకు ఇంకో చిక్కు తెచ్చిపెట్టింది. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే అక్కడివాళ్లు రెండు వేళ్లతో కిందికి లాగి, టైము వినిపించగానే వాయిస్ పనిచేస్తోందని ఫోన్ తిరిగి ఇచ్చేస్తున్నారు. ఇంకా గట్టిగా అడిగితే ఫ్యాక్టరీ రీసెట్ అంటున్నారు. రీసెట్ చేస్తే కాంటాక్టులు, ఫొటోలు, బ్యాంకు యాప్ రిజిస్ట్రేషన్ పోతాయి, ఇంజిన్ మాత్రం మళ్లీ మీదే వస్తుంది.

దీన్ని అంధులు సొంతంగా సరిచేసుకోలేరు. ఇంజిన్ మార్చాలంటే సెట్టింగ్స్‌లోకి వెళ్లాలి. ఫోన్ భాష తెలుగు అయితే ఆ సెట్టింగ్స్ పేర్లన్నీ తెలుగులోనే ఉంటాయి, కాబట్టి అవీ వినపడవు. వేలు కిందికి, ఆగకుండా కుడికి గీసి టాక్‌బ్యాక్ మెనూ తెరిచినా అందులోని మాటలూ తెలుగే. ఎన్నోసారి జరిపితే ఏది వస్తుందో లెక్క గుర్తుపెట్టుకుందామంటే, అప్‌డేట్‌తో మెనూ వరసే మారిపోతోంది. గొంతు తెచ్చే తాళంచెవిని గొంతు లేని గదిలో పెట్టారు. పక్కన చూపున్న మనిషి ఉంటే రెండు నిమిషాల పని, లేకపోతే ఎవరో ఒకరు దొరికేదాకా ఆగాలి.

మీ ఇంజినీర్లకు ఇది పెద్ద పని కాదని తెలిసే రాస్తున్నాం. వినియోగదారు ఎంచుకున్న ఇంజిన్ పేరు సెట్టింగ్స్‌లో నమోదై ఉంటుంది, అప్‌డేట్ దాన్ని ముట్టుకోకూడదు. అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్ నంబర్లు ఇచ్చే యూనికోడ్‌లో తెలుగు లిపికి 128 స్థానాల విభాగం ప్రత్యేకంగా ఉంది. ఆ అక్షరాలు వచ్చినప్పుడు మీ ఇంజిన్ చేతులెత్తేసి, తెలుగు వచ్చిన ఇంజిన్‌కు పని అప్పగించేలా చేయొచ్చు. అదీ కుదరకపోతే, రీస్టార్ట్ అయిన వెంటనే తెలుగు గొంతు లేదని ఇంగ్లీషులోనైనా చెప్పించండి. ఏం జరిగిందో మాకు తెలుస్తుంది.

రెండోది ఓటీపీ. మీ సొంత మెసేజింగ్ యాప్‌లో 482916 అని వస్తే, తెలుగు గొంతు దాన్ని నాలుగు లక్షల ఎనభై రెండు వేల తొమ్మిది వందల పదహారు అని చదువుతుంది. అది విని ఆరు అంకెలుగా మనసులో విడదీసేలోపు గడువు దాటిపోతుంది. మూడు వేళ్లతో పైకో కిందికో జరిపి టాక్‌బ్యాక్ ఎలా చదవాలో చెప్పే రీడింగ్ కంట్రోల్‌ను అక్షరాలకు మార్చి, ఒక వేలితో కిందికి జరుపుతూ ఒక్కో అంకె వినమని మేం నేర్పుతున్నాం. కానీ డెబ్భై ఏళ్ల పెద్దావిడకు గడువు తరుముతుంటే అది సాగదు. ఆండ్రాయిడ్ 5 నుంచీ ‘టీటీఎస్ స్పాన్’ అనే ఏర్పాటు ఉంది. ఒక సంఖ్యను విడి అంకెలుగా చదవాలో, ఫోన్ నంబరుగానో, డబ్బుగానో చదవాలో యాప్ దానితో చెప్పొచ్చు. మీ యాప్‌లో దాన్ని వాడండి.

మీ కీబోర్డులో తెలుగు వాయిస్ టైపింగ్ సంగతి. మైక్ బటన్ నొక్కగానే టాక్‌బ్యాక్ ‘వింటోంది, మాట్లాడండి’ అంటుంది. ఇయర్‌ఫోన్ లేకపోతే ఆ మాటలనే మైక్ విని మెసేజ్‌లో టైప్ చేస్తుంది. మైక్ తెరిచి ఉన్నంతసేపు స్క్రీన్ రీడర్ నోరు మూయించి, చిన్న వైబ్రేషన్‌తో సైగ చేస్తే చాలు. ఇంకొకటి, డబ్బాలో మీరే ఇస్తున్న సిలికాన్ కవర్. ఫోన్ పై అంచున సన్నటి రంధ్రం ఉంది. అది చుట్టుపక్కల రొదను పట్టి తీసేయడానికి పెట్టిన రెండో మైకు. కవర్‌లో దానికి కన్నం లేదు. ఫ్యాన్ కింద ఒకే వాక్యాన్ని కవర్ వేసి ఒకసారి, తీసి ఒకసారి చెప్పి చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

కాల్ వచ్చినప్పుడు పేరు చెప్పే సౌకర్యం కూడా తెలుగు లిపిలో దాచుకున్న పేర్లను పలకడం లేదు. ‘అమ్మ’ అని తెలుగులో ఉంటే మౌనం. అదే పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే పలుకుతుంది. మీ డయలర్‌లో రికార్డింగ్ బటన్‌కు, కాల్ హోల్డ్ బటన్‌కు పేర్లే పెట్టలేదు, రెండూ ‘బటన్’ అనే వినిపిస్తాయి. ఏది నొక్కితే ఏమవుతుందో ఊహించుకోవాల్సి వస్తోంది.

తెలుగు సహా భారతీయ భాషలు చదవడం, టైప్ చేయడం గురించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 16333 చూపి మా ఫిర్యాదును పక్కన పెట్టకండి. అది కంటికి కనిపించే అక్షరానికి సంబంధించింది. మేం అడుగుతున్నది, ఎలక్ట్రానిక్ వస్తువులు, సేవలు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని చెప్పే ఐఎస్ 17802 ప్రమాణం కిందికి వస్తుంది. రోజూ వాడే ఎలక్ట్రానిక్ వస్తువులు అందరూ వాడగలిగే డిజైన్‌లో దొరికేలా చూడాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 42వ సెక్షన్ చెప్తోంది.

ఇంజిన్ మారిపోయే లోపాన్ని వచ్చే అప్‌డేట్‌లోనే సరిచేయాలి. మిగతావాటికి తేదీలు రాసి ఇవ్వాలి. అప్పటిదాకా సర్వీస్ సెంటర్లకు ఒక సూచన వెంటనే పంపండి: తెలుగు చదవడం లేదని ఎవరైనా వస్తే ముందుగా టెక్స్ట్ టు స్పీచ్‌లో ఏ ఇంజిన్ ఉందో చూడాలి, తెలుగు వాక్యం ఒకటి చదివించి పరీక్షించాలి, రీసెట్ చేయకూడదు. విడుదలకు ముందు పరీక్షలకు తెలుగు స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు కావాలంటే మేం వస్తాం.

30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు నమోదు చేసి, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాం. జవాబు స్కాన్ చేసిన బొమ్మగా కాకుండా, చదివించుకోగలిగే టెక్స్ట్‌గా పంపండి.

ఇట్లు,
తెలుగు టాక్‌బ్యాక్ వినియోగదారులు, శిక్షకులు