అందరి బాకీలూ ఒకే ఖాతాలో

శ్రీకాకుళం,
ఆదివారం, తెల్లవారుజాము

ఒరే బావా,

నీ ఉత్తరం వచ్చి నెల దాటింది. కోపం పెట్టుకోకు, నిజంగానే తీరిక లేదు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది, చెల్లికి విజయనగరంలో ఉద్యోగం వచ్చింది. మిగతావి తర్వాత. ముందు ఇది చెప్పకపోతే నాకు అన్నం సహించదు.

చిన్నాన్న పొందూరు ఖద్దరు కొట్టుకి పైథాన్‌లో ఖాతాల ప్రోగ్రాం రాస్తున్నానన్నాను కదా. ‘ఖాతా’ అని ఒక క్లాస్, అంటే ఒక్కో ఖాతాని తయారుచేసే అచ్చు. దాని ఇనిట్‌లో, అంటే కొత్త ఖాతా పుట్టగానే నడిచే కోడ్‌లో, పేరు, బాకీలకి ఒక ఖాళీ లిస్టు. టోకువాళ్లకి తగ్గింపు ఉంటుంది కాబట్టి దాన్నుంచి ‘టోకుఖాతా’ అని పిల్ల క్లాస్ చేసి, పేరు, తగ్గింపు శాతంతో వేరే ఇనిట్ రాశాను. చిల్లర ఖాతాలు చక్కగా నడిచాయి. మొదటి టోకు బాకీ ఎక్కించగానే యాట్రిబ్యూట్ ఎర్రర్! బాకీల లిస్టే లేదంటుంది. తండ్రికి ఉన్నది పిల్లకి ఎందుకు రాలేదు? తొందరలో ఇనిట్ బయట, ఖాతా క్లాస్‌లోనే ఇంకో ఖాళీ లిస్టు పెట్టేశాను. ఎర్రర్ పోయింది. హమ్మయ్య అనుకున్నాను.

శుక్రవారం నరసన్నపేట ఆసామి వచ్చాడు. తెర మీద అతని పేరు, కింద పదకొండు బాకీలు. అతను సరుకు తీసుకున్నది రెండుసార్లే. మిగతావి పలాసవాళ్లవి, టెక్కలివాళ్లవి. చిన్నాన్న ఏమీ అనలేదు. పాత ఎర్రట్ట పుస్తకం తీసి, రెండు పద్దుల కింద వేలు పెట్టి చూపించాడు. నాకు ఏడుపొచ్చేసింది రా.

ఆ రాత్రి రెండింటిదాకా కూర్చున్నాను. పైథాన్‌లో ముందు ‘న్యూ’ ఆబ్జెక్టుని, అంటే ఆ అచ్చులోంచి వచ్చే ఒక్కో ఖాతాని, పుట్టిస్తుంది, తర్వాత ఇనిట్ దాన్లో సరుకు నింపుతుంది. పిల్ల క్లాస్‌కి సొంత ఇనిట్ రాస్తే తండ్రి ఇనిట్ దానంతటది నడవదు, ‘సూపర్’ అని మనమే పిలవాలి. మనం కాలేజీలో నేర్చుకున్న జావా భాషలో మరిచిపోయినా, కోడ్‌ని నడిచే రూపంలోకి మార్చే కంపైలరే ఆ పిలుపు చేరుస్తుంది, కుదరకపోతే కంపైలే చెయ్యదు. నాకు ఆ అలవాటే ఉండిపోయింది. 1967 నాటి సిములాలోనే, అంటే నార్వేలో డాల్, నైగార్డ్ చేసిన భాషలోనే, తండ్రి క్లాస్ కోడ్ ముందు మొదలై తర్వాత పిల్లది నడిచేదట. ఎంత ముందుచూపో చూడు!

మరి బాకీలు ఎలా కలిశాయంటావా? పైథాన్ ఏదైనా పేరుని ముందు ఆబ్జెక్టులో, తర్వాత దాని క్లాస్‌లో, ఆపైన తండ్రి క్లాస్‌లో వెతుకుతుంది. టోకువాళ్లెవరికీ సొంత లిస్టు లేదు, అందరూ పైకి వెళ్లి ఆ ఒక్క లిస్టులోనే రాశారు. అచ్చం మన రూములో అందరం వాడిన పసుపు బకెట్ గొడవే, నీకు వేరే చెప్పాలా!

పిన్నికి ఇదంతా చెబితే, “వాలుగ చేప దవడతో దూది దువ్వకుండా రాట్నం ముందు కూకుంటే నూలు వస్తాదేటి?” అంది. అంతే కదా. టోకుఖాతా ఇనిట్‌లో మొదటి లైనుగా సూపర్ పిలుపు పెట్టి, బయటి లిస్టు తీసేశాను. ఒక్క లైను బావా! నిన్న ఆసామి పేరు కొడితే రెండే బాకీలు. నాలుగుసార్లు కొట్టి చూశాను.

ఇంతకీ ఇద్దరు తండ్రులున్న క్లాస్ అయితే సూపర్ ఎవరి దగ్గరికి వెళ్తుందో తెలుసా? అది ఇంకా... చిన్నాన్న బండి స్టార్ట్ చేసేశాడు, పొందూరు వెళ్లాలి.

నీ
బావ