అబెలార్ త్రిత్వాన్ని కాదనలేదు

సంపాదకులు గారికి,

మొన్నటి ఆదివారం కాదు, అంతకుముందు ఆదివారం మీ అనుబంధంలో మధ్యయుగపు త్రిత్వ చర్చల మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. దేవుడు ఒక్కడే, ఆ ఒక్కడిలోనే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురు వ్యక్తులు అనే క్రైస్తవ సిద్ధాంతమే త్రిత్వం. తెలిసినవాళ్లెవరైనా రాస్తారులే అని ఊరుకున్నాను. మీ ఉత్తరాల పేజీలో వీధికుక్కలూ, తెగిన కరెంటు తీగలూ తప్ప ఇంకేమీ కనబడకపోయేసరికి నేనే పూనుకోవాల్సి వచ్చింది.

పన్నెండో శతాబ్దపు ఫ్రెంచి తత్వవేత్త పీటర్ అబెలార్ త్రిత్వాన్ని తిరస్కరించి శిక్ష అనుభవించాడని రాశారు. తిరస్కరించడమేమిటండీ! ఆయనకు శిక్ష తెచ్చిపెట్టిన పుస్తకం రాసిందే త్రిత్వాన్ని నిలబెట్టడానికి. తన పాత గురువు రోసెలిన్ మాటలను బట్టి చూస్తే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ మూడు వేరువేరు పదార్థాలైపోతారని, దాన్ని తర్కంతో ఖండించడానికి కలం పట్టాడు. హెలోయీజ్‌తో ఆయన ప్రేమకథకు బొమ్మతో సహా పావు పేజీ కేటాయించారు కదా, అందులో నాలుగు లైన్లు తగ్గించుకుని ఈ సంగతి వేస్తే సొమ్మేం పోయింది?

1121లో ఫ్రాన్సులోని స్వాసోన్‌లో చేరిన మతపెద్దల సభలో జరిగిందేమిటో చెబుతాను, వినండి. అబెలార్ ఊళ్లోకి రాగానే, వీడు ముగ్గురు దేవుళ్లున్నారంటున్నాడంటూ జనం రాళ్లు అందుకున్నారు. ఫ్రైసింగ్ బిషప్ ఓటో తర్వాత రాసినదాని ప్రకారమైతే సభ మోపిన నేరం దీనికి సరిగ్గా తలకిందులు: ముగ్గురినీ ఒకరిలో ఒకరిని కలిపేశాడట! నేరమేమిటో కూడా తేలకుండానే పుస్తకాన్ని ఆయన చేతే మంటల్లో వేయించారు. చార్ట్రెస్ బిషప్ జెఫ్రీ ఒక్కడు, ముందు ఆయన చెప్పేది విందాం అన్నాడు. ఎవరికి పట్టింది? పోపు అనుమతి లేకుండా బహిరంగంగా పాఠం చెప్పాడు, నకళ్లు తీసుకోనిచ్చాడు, అది చాలన్నారు.

ఇంతలో ఎవడో గొణిగాడు, తండ్రి ఒక్కడే సర్వశక్తిమంతుడని ఈ పుస్తకంలో ఉందట అని. అధ్యక్షత వహిస్తున్న పోపు ప్రతినిధి అందుకుని, సర్వశక్తిమంతులు ముగ్గురని చిన్నపిల్లాడికి కూడా తెలుసు కదా అన్నాడు. తియెరీ అనే పంతులు నవ్వి, ముగ్గురు సర్వశక్తిమంతులు కారు, ఒక్క సర్వశక్తిమంతుడే అన్న వాక్యాన్ని, క్రైస్తవులు తమ విశ్వాసాన్ని ఒప్పుకుంటూ చదివే అథనాసియస్ విశ్వాస ప్రమాణం నుంచి అప్పజెప్పాడు. చూశారా, తీర్పు చెప్పడానికి కూర్చున్న పెద్దమనిషికే ప్రమాణం రాదు! చివరికి అదే ప్రమాణాన్ని అబెలార్ చేతికిచ్చి, బడిపిల్లాడి చేత చదివించినట్టు చదివించారు. వెక్కుతూ చదివానని ఆయనే రాసుకున్నాడు. ఆయన వైపు కథ కాబట్టి రూపాయికి పావలా తగ్గించుకోండి, అయినా ఇంకా చాలానే మిగులుతుంది.

త్రిత్వం అర్థం కావడానికని మీ వ్యాసకర్త నీరు, మంచు, ఆవిరి ఉపమానం కూడా చెప్పారు. అదే నీరు మూడు వేషాలు వేస్తుందనడం మూడో శతాబ్దంలోనే సబెల్లియస్ పేరుతో సంఘం తోసిపుచ్చిన వాదం. ఆ ముక్క స్వాసోన్‌లో అని ఉంటే అబెలార్ పక్కనే ఇంకో పీట వేసేవారు. పోలికల సంగతి 1215లో నాలుగో లాటెరన్ సభ తేల్చి చెప్పింది: సృష్టికర్తకూ సృష్టికీ ఎంత పోలిక చూపినా, అంతకంటే పెద్ద తేడా ఉండి తీరుతుంది. ఆ సభ గురించి మీ వ్యాసంలో ఒక్క ముక్క లేదు. ముగ్గురు వ్యక్తులకు తోడు దైవసారం అని ఇంకొకటి చెప్పి పన్నెండో శతాబ్దపు వేదాంతి పీటర్ లొంబార్డ్ నలుగురిని చేశాడని ఫియోరే మఠాధిపతి జోకీమ్ గొడవపెట్టుకుంటే, సభ లొంబార్డ్ పేరెత్తి మరీ ఆయన పక్షం వహించింది. అప్పటికి ఇద్దరూ చనిపోయారు. పోయినవాళ్ల తగువు తీర్చడానికి అంత శ్రద్ధ పెట్టిన కాలాన్ని పట్టుకుని, క్రీ.శ. 325 నాటి నైసియా సభ తర్వాత "వెయ్యేళ్లు ఎవరూ నోరెత్తలేదు" అని రాశారు మీరు!

ఇక తూర్పు, పశ్చిమ సంఘాలు చీలిన 1054 సంగతి. పరిశుద్ధాత్మ తండ్రి నుంచే కాక "కుమారుని నుంచి కూడా" బయలుదేరుతున్నాడన్న మాటను గ్రీకులు, అంటే తూర్పు సంఘం వాళ్లు, నైసియా విశ్వాస ప్రమాణం నుంచి తీసేశారని వేశారు. పోపు దూత కార్డినల్ హంబర్ట్ కూడా ఇదే ఆరోపణ రాసి, ఆ ఏడాది జూలై 16న కాన్‌స్టాంటినోపుల్‌లో గ్రీకుల ప్రధాన చర్చి హాగియా సోఫియా బలిపీఠం మీద బహిష్కార పత్రం పెట్టి వచ్చాడు. ఆ మాట అసలు ప్రమాణంలో ఉంటే కదా తీసేయడానికి! చేర్చింది పశ్చిమం వాళ్లు. మూడో లియో పోపు ఆ మాట లేని ప్రమాణాన్నే వెండి పలకల మీద చెక్కించి రోములో పెట్టించాడు. రోములో పూజలో ఆ చేర్పు వినబడింది 1014లో. ఈనాడు మన రోమన్ కథలిక్ గుళ్లలో చదివే ప్రమాణంలోనూ ఆ చేర్పు ఉంది. హంబర్ట్ అంటే కోపంలో ఉన్నాడు, మీ డెస్కుకు ఏమొచ్చింది?

ప్రూఫులు దిద్దేవాళ్లను పత్రికలన్నీ వదిలించుకున్నాయని తెలుసు. పోనీ మేమే సరిచూసుకుందామంటే మా ఊరి గ్రంథాలయంలో చరిత్ర బీరువాకు తాళం, ఆ తాళంచెవి బదిలీ అయిపోయిన ఉద్యోగి దగ్గర. బయట బల్లల నిండా పోటీ పరీక్షల గైడ్లు. గ్రంథాలయ సెస్సు మాత్రం ఇంటిపన్నుతో కలిపి ఠంచనుగా వసూలు చేస్తారు. వినతిపత్రం పట్టుకెళితే, "ఆ పాత పుస్తకాలు ఎవరు చదువుతారండీ ఇప్పుడు" అన్నారు ఆఫీసరు గారు. చదవరు, అందుకే ఇలాంటి వ్యాసాలు అచ్చవుతాయి, అంటే ముఖం చిట్లించుకున్నారు.

సవరణ వేస్తారని నాకేం ఆశల్లేవు. రెండో భాగం వచ్చే ఆదివారం అని అడుగున వేశారు. తూర్పు, పశ్చిమ సంఘాలను మళ్లీ కలపడానికి చేరిన 1439 ఫ్లారెన్స్ సభ దాకా వచ్చేట్టయితే, అక్కడ గ్రీకులందరూ సంతోషంగా ఒప్పుకున్నారని మాత్రం దయచేసి రాయకండి. గ్రీకుల పక్షాన వచ్చిన బిషప్ ఎఫెసు మార్కు సంతకం పెట్టలేదు.

ఇట్లు,
మీ పాత చందాదారు,
తెనాలి