స్టడీ అవర్లలో పుస్తకం మూయనివ్వండి

సంపాదకులకు,

ఇంటర్మీడియట్ పరీక్షలు దగ్గరపడే కొద్దీ రెసిడెన్షియల్ కళాశాలల్లో స్టడీ అవర్లు పెరుగుతాయి. ఆ గంటల నిడివి గురించీ, పిల్లలకు కరువవుతున్న నిద్ర గురించీ చర్చ జరుగుతూనే ఉంది గాని, ఆ గంటల్లో వాళ్లు చదివే పద్ధతిని పట్టించుకునేవారు తక్కువ. చాలాచోట్ల జరిగేది అదే మెటీరియల్‌ను పదే పదే చదవడం.

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ఉన్న వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన పరిశోధన 2006లో వెలువడింది. అందులో కొందరు విద్యార్థులు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక్క విడతే చదివి, మిగతా మూడు విడతల్లోనూ పాఠం చూడకుండా గుర్తున్నదంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే పదే పదే చదివినవారిదే పైచేయి. వారం గడిచాక మాత్రం వారికి దాదాపు 40 శాతం, చూడకుండా రాసినవారికి దాదాపు 61 శాతం గుర్తుంది. విచారకరమైన విషయమేమిటంటే, తమకు బాగా గుర్తుంటుందని ఎక్కువ ధీమాగా చెప్పినవారు పదే పదే చదివినవారే. కళ్లకు అలవాటైన వాక్యం మనసుకు వచ్చేసినట్టే అనిపిస్తుంది. ఇక దానిమీద ధ్యాస నిలవదు. వీడియో పాఠం మధ్యమధ్యలో చిన్న పరీక్షలు పెడితే విద్యార్థుల మనసు పక్కకు పోవడం తగ్గిందని హార్వర్డ్ పరిశోధకులు 2013లో చూపారు.

వారం వారం పరీక్షలు పెడుతూనే ఉన్నాం కదా అని యాజమాన్యాలు అనవచ్చు. ఆ పరీక్షలు ర్యాంకులు కట్టడానికి, సెక్షన్లు మార్చడానికి, తల్లిదండ్రుల ఫోన్లకు మార్కులు పంపడానికి ఉపయోగపడుతున్నాయి. తప్పు రాసినచోట ఎందుకు తప్పిందో పిల్లవాడితో కూర్చుని చెప్పే తీరిక మాత్రం ఎవరికీ ఉండడం లేదు. జ్ఞాపకాన్ని బలపరచవలసిన సాధనాన్ని భయపెట్టడానికి వాడుతున్నాం. ఇది నాకు చాలా బాధ కలిగిస్తోంది.

రెండు రాష్ట్రాల ఇంటర్మీడియట్ బోర్డులకు నా విన్నపం ఒక్కటే. రోజూ ఒక స్టడీ అవర్‌లో విద్యార్థి పుస్తకం మూసి, ఆనాటి పాఠంతో పాటు వారం కిందటి పాఠాన్ని కూడా తన మాటల్లో తెల్లకాగితం మీద రాసుకుని, ఆపై పుస్తకం తెరిచి తానే దిద్దుకునే ఏర్పాటు చేయాలి. అది బట్టీ పట్టించడంగా మారకుండా అధ్యాపకులు పక్కనుండి సందేహాలు తీర్చాలి. ఆ కాగితానికి మార్కులు వేయకూడదు, దాన్ని ఇంటికి పంపకూడదు. ఇందుకు అదనపు ఖర్చు అక్కరలేదు. వచ్చే విద్యాసంవత్సరం మొదటి నెల నుంచే అమలు చేయవచ్చు.

ఇట్లు,
ఒక విశ్రాంత అధ్యాపకురాలు,
తెనాలి